వడకు దెబ్బ ఉంది, ఉక్కకు లేదు

మే నెల మూడో వారంలో ఒక సాయంత్రం నరసరావుపేట నుంచి మా వియ్యంకులు ఫోన్ చేశారు. ఆ రోజు అక్కడ 44 డిగ్రీలు. టీవీ తెర అడుగున పరుగెత్తే వార్తల్లో శ్రీకాకుళం పక్కన 35 అన్న అంకె చూసి, "మీకేం బావగారూ, చల్లగా ఉన్నారు" అన్నారు. మనిషి మంచివారు, మాటలో ఎత్తిపొడుపు లేదు. అయినా నాకు వెంటనే జవాబు తోచలేదు. అప్పుడే నేను మా వీధి చివర కడుతున్న ఇంటి దగ్గర నుంచి వచ్చి కూర్చున్నాను. ఆ ఇంట్లో లోపలి గది గోడలకు సిమెంటు పూత పూస్తున్న పాతికేళ్ల కుర్రవాడు నాలుగున్నర వేళ నిచ్చెన దిగుతూ కళ్లు తిరిగి పడిపోయాడు. దగ్గరలోని ఆసుపత్రికి తీసుకువెళితే అక్కడ మొదట అడిగిన ప్రశ్న, ఎండలో పనిచేశాడా అని. వెంట వచ్చిన మేస్త్రి నావైపు తిరిగి, "ఎండెక్కడిది మేస్టారూ, పొద్దుట్నుంచీ గదిలోనే ఉన్నాడు. గాలాడ్నేదు" అన్నాడు. సెలైను ఎక్కించాక కుర్రవాడు తేరుకున్నాడు. చీటీ మీద నీరసం అని రాశారు.

తెలుగులో వడగాడ్పు ఉంది, వడదెబ్బ ఉంది. ఉక్క ఉంది, ఉక్కపోత ఉంది. ఉక్కదెబ్బ మాత్రం లేదు. కొట్టేది ఎండేననీ, ఉక్క మనిషిని చిరాకు పెట్టి ఊరుకుంటుందనీ మనం ఎప్పుడో ఒప్పేసుకున్నాం. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఉన్న మా తీరంలో వేసవిని ఆ ఒప్పుదలతో కొలవడం తప్పనీ, ఒక్క ఉష్ణోగ్రత అంకెను చూసి ఇక్కడి మనిషి కష్టాన్ని తక్కువ చేయడం అన్యాయమనీ నా అభిప్రాయం. ముప్పై ఏళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పిన నేను కూడా ఈ సంగతిని పాఠంలో ఒక పేరాగా చెప్పి వదిలేశానే తప్ప, మన ఊరి బతుకుతో కలిపి చెప్పలేదన్న బాధ ఉంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కుండ చెప్పే లెక్క

మా అమ్మాయి పెళ్లైన కొత్తలో వేసవికి నరసరావుపేట వెళ్లినప్పుడు వాళ్ల వసారాలో కుండనీళ్లు తాగి ఆశ్చర్యపోయాను. బయట నిప్పులు చెరుగుతోంది, కుండలో నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. అటువంటి కుండే మా ఇంట్లోనూ ఉంది, ఇసుక పోసి తడిపి దాని మీదే పెడతాం, అయినా మే నెలలో మా కుండనీళ్లు ఎప్పుడూ ఆ చల్లదనానికి రావు. మట్టిలో తేడా అని మా అమ్మ అనేది. తేడా గాలిలో ఉంది.

కుండ చల్లబడేది దాని ఒంటి మీద ఊరిన నీరు ఇగిరిపోతూ వేడిని వెంట తీసుకుపోవడం వల్ల. మనిషి చల్లబడేదీ అలాగే. లోపల 37 డిగ్రీల్లో ఉండే దేహం తన వేడిని చుట్టూ ఉన్న గాలికి ఇచ్చుకోవాలంటే చర్మం కంటే గాలి చల్లగా ఉండాలి; వేసవిలో చర్మం సుమారు 35 డిగ్రీలకు చేరుతుంది, గాలీ 35లోనే ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఇక మిగిలింది చెమట ఇగరడం ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఇగిరితే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి పోతుంది. ఊరికే కూర్చున్న మనిషి దేహంలో పుట్టే వేడి వంద వాట్ల బల్బంత, అంటే దాన్ని వదిలించుకోవడానికి గంటకు 150 మిల్లీలీటర్ల చెమట ఇగరాలి. తాపీ పనో, మూటలు మోసే పనో చేసే మనిషిలో నాలుగు వందల వాట్లు పుడతాయనుకుంటే గంటకు 600 మిల్లీలీటర్లు ఇగరాలి. నేను కారాలి అనలేదు, ఇగరాలి అన్నాను. గడ్డం మీదుగా కారి నేల మీద పడిన చెమట దేహం నుంచి నీటినీ ఉప్పునూ తీసుకుపోతుంది గాని వేడిని తీసుకుపోదు. మా ప్రాంతంలో ధారలుగా కారే చెమటను చూసి, ఒళ్లు చల్లబడుతోందిలే అనుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి ఆ ధార, ఇగరాల్సింది ఇగరలేదని చెప్పే సాక్ష్యం.

ఎందుకు ఇగరలేదు? 35 డిగ్రీల తడి చర్మం మీద నీటి ఆవిరి ఒత్తిడి 56 మిల్లీబార్లు (మిల్లీబారు అంటే ఒత్తిడిని కొలిచే కొలత). చుట్టూ గాలిలో ఉన్న ఆవిరి ఒత్తిడి దీనికంటే ఎంత తక్కువైతే చెమట అంత జోరుగా ఇగురుతుంది. 44 డిగ్రీల్లో 20 శాతం తేమ ఉన్న గాలిలో ఆవిరి ఒత్తిడి 18 మిల్లీబార్లే. 35 డిగ్రీల్లో 65 శాతం తేమ ఉన్న గాలిలో 36 దాకా ఉంటుంది. అక్కడ 38 మిల్లీబార్ల పల్లం, ఇక్కడ 20. నీరు పల్లానికి పారినట్టే ఆవిరీ పారుతుంది; మా దగ్గర ఆ వాలు సగమే. గ్రాముల్లో చెప్పాలంటే పల్నాటి గాలిలో ఘనపు మీటరుకు పన్నెండు గ్రాముల నీరుంటే మా గాలిలో ఇరవై ఆరు గ్రాములు. మే నెలలో బంగాళాఖాతపు పైనీరు దాదాపు 30 డిగ్రీల వెచ్చదనంలో ఉంటుంది కనుక దాని మీదుగా వచ్చే గాలి ఆ తేమను మోసుకొచ్చి ఇంట్లో దింపుతుంది.

ఇవన్నీ లెక్కలు. మా వంటింట్లో ఇది లెక్క లేకుండానే తెలుస్తుంది. ఏప్రిల్ దాటితే ఉప్పు జాడీ అడుగున నీరు ఊరుతుంది, డబ్బాలోని అప్పడం మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఎండకు బీటలువారే నేలల్లో పుట్టి ఉండాలి. మా దగ్గర రోహిణి కార్తెలో రోలు చెమర్చుతుంది.

వడియం ఎండుతుంది, మనిషి ఎండడు

ఈ వాదన ఒకసారి చెబుతుంటే మా తమ్ముడు అడ్డుపడ్డాడు. "అంత తేమే ఉంటే అన్నియ్యా, మేడ మీద వదిన పెట్టిన వడియాలు రెండు రోజుల్లో గలగలమంటూ ఎలా ఎండుతున్నాయి?" అన్నాడు. ప్రశ్న మంచిది, నేను రెండు రోజులు ఆలోచించాల్సి వచ్చింది.

వడియానికి తన వేడిని ఒకచోట నిలుపుకోవాలన్న నియమం లేదు. ఎండలో అది యాభై డిగ్రీలకు కాగితే దానిలోని నీటి ఆవిరి ఒత్తిడి 120 మిల్లీబార్లకు పెరుగుతుంది, గాలిలో 36 ఉన్నా లెక్కచేయకుండా ఎండిపోతుంది. మనిషికి ఆ స్వేచ్ఛ లేదు. ప్రాణం నిలవాలంటే లోపల 37 దగ్గరే ఉండాలి, నలభై దాటితే ప్రమాదం. అందువల్ల చర్మం మీద ఆవిరి ఒత్తిడి 56 దగ్గర ఆగిపోతుంది, దాన్ని పెంచుకుని ఎక్కువగా ఇగిరే వీలు మనకు లేదు. వడియం వేడెక్కి ఎండుతుంది, మనిషి వేడెక్కితే పడిపోతాడు. సమస్య మొత్తం ఈ ఒక్క తేడాలో ఉందని నాకు అప్పుడు అర్థమైంది, ఆ ప్రశ్న అడిగినందుకు తమ్ముడికి రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత వసారా గోడకు రెండు ఉష్ణమాపకాలు కట్టాను. ఒకటి మామూలుగా, రెండోదాని బుడ్డికి పొందూరు ఖద్దరు పేలిక చుట్టి, పేలిక కొసను నీళ్ల గ్లాసులో వేలాడదీశాను. పాఠ్యపుస్తకాల్లో దీన్ని తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. కుండకు అంకెలు పెట్టడమే ఇది. గాలి ఎంత పొడిగా ఉంటే తడిగుడ్డ అంకె అంత కిందికి దిగుతుంది. 44 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్నచోట తడిగుడ్డ అంకె దాదాపు 25. 35 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్నచోట అది 29 దాటుతుంది. మా వియ్యంకులు చూసిన అంకెలో మేము వాళ్లకంటే తొమ్మిది డిగ్రీలు కింద ఉన్నాం. చెమట చూసే అంకెలో నాలుగు డిగ్రీలు పైన ఉన్నాం.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరపు గనుల్లో పనివాళ్లను పరిశీలించిన జె. ఎస్. హాల్డేన్ అనే శాస్త్రవేత్త 1905లోనే, మనిషి పని చేయగలడా లేదా అన్నది మామూలు ఉష్ణోగ్రతను బట్టి కాక తడి బల్బు అంకెను బట్టి తేలుతుందని రాశాడు. గాలి కదలని చోట ఆ అంకె 31 డిగ్రీలు దాటితే పెద్దగా పని చేయని మనిషి దేహపు వేడి కూడా పెరుగుతూ పోతుందని, కష్టమైన పని చేసేవారికి హద్దు ఇంకా దిగువనే ఉంటుందని ఆయన గమనించాడు. 2010లో షెర్‌వుడ్, హ్యూబర్ అనే శాస్త్రవేత్తలు 35 డిగ్రీల తడి బల్బు దగ్గర మనిషి ఓర్పుకు చివరి గీత గీశారు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయం వారు ఆరోగ్యంగా ఉన్న యువకులను తేలిక పనిలో పెట్టి చూస్తే తేమ గాలిలో ఆ గీత 31 దగ్గరే తేలింది. నూటపదిహేడేళ్ల తర్వాత హాల్డేన్ అంకె దగ్గరికే వచ్చారన్నమాట. మా వసారాలో ఆ పేలిక చుట్టిన ఉష్ణమాపకం మే నెలలో చాలా మధ్యాహ్నాలు 29కీ 30కీ మధ్య నిలబడుతుంది. గీతకు ఎంత దగ్గరలో బతుకుతున్నామో చూసినప్పుడల్లా నాకు గుండెలో కలుక్కుమంటుంది.

నా వాదనకు ఎదురు నిలిచేవి

పల్నాటి ఎండను చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. 44 డిగ్రీల గాలి తానే ఒంటికి వేడి ఎక్కిస్తుంది, దాన్ని తట్టుకోవడానికి దేహం పోయాల్సినంత చెమట పోయలేని దశ వస్తుంది. పైన చెప్పిన పెన్సిల్వేనియా పరీక్షల్లోనే మరీ వేడిగా, పొడిగా ఉన్న గాలిలో యువకుల హద్దు తడి బల్బు 25 నుంచి 28 మధ్యకు దిగిపోయింది. అంటే తడిగుడ్డ అంకె ఒక్కటే సర్వస్వమని నేను చెప్పలేను. ఆ ఎండకు ఎలాగూ ఒక పేరు, ఒక హెచ్చరిక, ఒక గౌరవం ఉన్నాయి, మా ఉక్కకు కూడా ఉండాలన్నదే నా మాట.

పైగా మా తీరానికి రెండు వేసవులు ఉన్నాయి. పడమటి గాలి బలంగా వీచిన రోజున సముద్రపు గాలి లోపలికి రాలేక ఆగిపోతుంది, అప్పుడు మాకూ నలభై దాటుతుంది, వడగాడ్పు హెచ్చరిక వస్తుంది, అందరూ జాగ్రత్తపడతారు. మధ్యాహ్నానికి గాలి తూర్పుకు తిరగగానే నాలుగైదు డిగ్రీలు పడిపోతుంది, హమ్మయ్య అనుకుంటాం. కళింగపట్నం ఒడ్డున నిలబడినవాడికి ఆ గాలి నిజంగా వరమే, ఎందుకంటే అక్కడ గాలి కదులుతుంది, ఒంటి చుట్టూ పేరుకున్న ఆవిరిని ఊడ్చుకుపోతుంది. ఊరి మధ్యలో, మూడు వైపులా గోడలున్న గదిలో ఉన్నవాడి దగ్గరికి గాలి చేరదు, దాని తేమ మాత్రం చేరుతుంది. ఆ కుర్రవాడు పడిపోయింది నాలుగున్నరకు, అంటే ఎండ తగ్గిందని అందరూ నిశ్చింతగా ఉన్న వేళ.

మీకు అలవాటే కదా అనేవారూ ఉన్నారు. అలవాటు నిజమే. పది పదిహేను రోజులు వేడిలో పనిచేస్తే దేహం త్వరగా చెమట పోయడం, చెమటలో ఉప్పును తగ్గించుకోవడం నేర్చుకుంటుంది. ఎంత నేర్చినా అది మార్చుకోగలిగింది తన చెమటనే గాని గాలిలోని ఆవిరిని కాదు. ఇగరని చోట చెమట ఎక్కువ పోయడం నేర్చిన దేహం ఎక్కువ నీటిని వృథా చేసుకుంటుంది. చోడి (రాగి) అంబలి, ఉప్పు వేసిన మజ్జిగ, తరవాణి పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి తెస్తాయి, అందుకు మన పెద్దల తెలివికి దండం పెట్టాలి. లోపల చిక్కుకున్న వేడిని బయటికి తీయడం వాటి వల్ల కాదు.

ఉద్దానం పేరు ఇక్కడ ఎత్తకుండా ఉండలేను, ఎత్తడానికి జంకుగానూ ఉంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇన్ని కుటుంబాలను కుదిపేసిన మూత్రపిండాల జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రం ఇప్పటిదాకా తేల్చలేదు. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇటువంటి జబ్బే వచ్చినప్పుడు పరిశోధకులు అనుమానించిన వాటిలో వేడిలో పని, పదేపదే ఒంట్లో నీరు తగ్గిపోవడం ముఖ్యమైనవి. అక్కడ కొన్నిచోట్ల నీరు, విశ్రాంతి, నీడ అనే మూడింటిని పనిలో భాగంగా పెట్టారు. మా జబ్బుకు ఉక్కే కారణమని నేను అనడం లేదు. కారణం తేలేలోపు ఆ మూడూ ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు. అందులో నీడ సంగతి మరీ బాధాకరం. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినప్పుడు పంట నష్టం లెక్క వేశారు, పోయిన నీడను ఎవరూ లెక్క వేయలేదు.

రాత్రి, కరెంటు

పగటి కష్టాన్ని రాత్రి తీర్చాలి. మా దగ్గర రాత్రి ఆ పని చేయదు. పొడి నేలల్లో సూర్యుడు దిగాక భూమి తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది; మా గాలిలోని ఆవిరి ఆ వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది, పక్కనే 30 డిగ్రీల సముద్రం ఉండనే ఉంది. తెల్లవారుజామున కూడా ఉష్ణమాపకం 28 దగ్గర ఉంటుంది. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు పడవలు ఒడ్డునే ఉంటాయి, మా బంధువుల ఊళ్లో మత్స్యకారులు రాత్రుళ్లు వాటి పక్కన ఇసుకలో పడుకుంటారు. పూర్వం వాళ్లుండే తాటాకు చుట్టిళ్లలో వేడి నిలిచేది కాదు, ఇప్పటి స్లాబు ఇళ్లు పగలు తాగిన వేడిని రాత్రి రెండింటిదాకా కక్కుతూనే ఉంటాయి. తుపానుకు నిలబడేది స్లాబే కనుక దాన్ని తప్పు పట్టలేను.

మా వియ్యంకులు ఒక వేసవిలో మాకు ఎయిర్ కూలర్ కొని పంపారు. వాళ్ల ఇంట్లో అది 44ను 29కి దింపుతుంది. మా ఇంట్లో 35ను 31 చేయగలిగింది గాని గదిలో తేమను 90 శాతానికి చేర్చింది, మంచం మీది దుప్పటి చెమ్మగిల్లింది. కూలర్ కూడా కుండే కదా. మూడో రోజున దానిలో నీళ్లు పోయడం మానేసి ఉత్త ఫ్యానుగా వాడుకున్నాం, అదే మేలు చేసింది. ఉక్కలో మనిషికి నిజంగా అక్కరకొచ్చేది కదిలే గాలి. పేదవాడి ఇంట్లో దాన్ని ఇచ్చేది ఫ్యాను, ఫ్యానును తిప్పేది కరెంటు. కాబట్టి మే నెల రాత్రి మా తీరంలో రెండు గంటలు కరెంటు తీయడం అసౌకర్యం అన్న ఖాతాలో రాసేది కాదు. మా పక్క వీధిలో డెబ్బై దాటిన ఒక అవ్వ అటువంటి రాత్రుళ్లు గుమ్మంలో కూర్చుని తడి తుండు విసురుకుంటూ తెల్లవారుస్తుంది. "నిద్రపోయి నాలుగు రోజులైంది బాబూ" అని ఆమె అన్న మాట ఏ నివేదికలోనూ ఎక్కదు.

ఏ అంకెను చూడాలి

వాతావరణ శాఖ నిబంధన ప్రకారం మైదానాల్లో కనీసం 40, తీరప్రాంతాల్లో కనీసం 37 డిగ్రీలు ఉండి, మామూలు కంటే కనీసం నాలుగున్నర డిగ్రీలు పెరిగితే వడగాడ్పు అంటారు. తీరానికి వేరే అంకె పెట్టడం న్యాయమే, ఆ ఆలోచన చేసినవారికి మా సంగతి తెలుసు. అయినా 35 డిగ్రీల ఉక్క రోజు ఆ గడపలోకి ఎప్పటికీ రాదు. వేడిగా, ఉక్కపోతగా ఉంటుందని బులెటిన్లలో చెబుతారు, 2023 నుంచి తేమను కలిపి లెక్కించే వేడి సూచికను ప్రయోగాత్మకంగా ఇస్తున్నారు. మంచి అడుగు. ఆ మాట విని పని ఆపినవారిని గాని, బడి గంటలు మార్చినవారిని గాని మా ఊళ్లో నేను చూడలేదు. అమెరికా సైన్యం 1950లలోనే శిక్షణలో కుర్రవాళ్లు వేడికి కూలిపోతుంటే, తడి బల్బుకు నూటికి డెబ్బై పాళ్లు, ఎండ తాకిడికి ఇరవై, మామూలు ఉష్ణోగ్రతకు పది పాళ్లు ఇచ్చి ఒక కొలమానం తయారు చేసుకుంది. ఆ అంకెను బట్టి గంటకు ఎంతసేపు పని, ఎంతసేపు విశ్రాంతి అన్నది నిర్ణయించింది. సైనికుడికి పనికొచ్చిన లెక్క మా తాపీ కూలీకి, పలాస జీడి బట్టీల్లో నిలబడే ఆడవాళ్లకు, గోనె మిల్లు కార్మికుడికి ఎందుకు పనికిరాదు?

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. తెల్లవారుజామున ఉండే 90 శాతం తేమను మధ్యాహ్నపు 38 డిగ్రీలతో జతచేసి, అరవై డెబ్బై డిగ్రీలు అనిపిస్తోందని ఫోన్లలో తిప్పేవారు మా వాదనకు హాని చేస్తున్నారు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ తేమ శాతం తగ్గుతుంది, రెండింటినీ ఒకే వేళ చూడాలి. మా కష్టం చెప్పుకోవడానికి అబద్ధం అక్కర్లేదు.

మొన్న మా మేడ మీద గది కట్టడం మొదలుపెట్టినప్పుడు అదే మేస్త్రిని పిలిచి వసారాలోని రెండో ఉష్ణమాపకం చూపించాను. ఆ అంకె 29 దాటితే లోపలి గదుల్లో పని ఆపి, గాలి తగిలేచోట కూర్చోమన్నాను. హద్దు 29 అనేది నేను పెట్టుకున్నదే, అది 28 కావాలేమోనని ఇప్పటికీ సందేహంగా ఉంది. ఆయన కాసేపు ఆ పేలిక వైపు చూసి, "ఆపుతాం మేస్టారూ. ఆపిన గంటల కూలి ఎవులిస్తారు?" అని అడిగాడు. నేనే ఇస్తానన్నాను. పద్దెనిమిది రోజుల పనిలో అలా ఆగినవి ఇరవై మూడు గంటలు, వాటికి పూర్తి కూలి లెక్కగట్టి ఇచ్చాను. ఎదురింటివారు ఇది విని, నువ్వు ఇలా ఇస్తే రేపు మమ్మల్నీ అడుగుతారు కదా అన్నారు. అడగాలనే ఇచ్చానని చెప్పాను.